ఒంటిగంట నీరు

మంచు ఎంత కరుగుతుందో చెప్పడం నా ఉద్యోగం. ఎప్పుడు కరుగుతుందో నాకు తెలియదన్న సంగతి మాత్రం, నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసే ఒకావిడ చెప్పేదాకా నాకు తెలియలేదు. ఇంత చదువూ చదివి గడియారం చూడటం రాదని ఒప్పుకోవడం సిగ్గుగానే ఉంది. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి వీడియో కాల్‌లో ఒక గ్రాఫు చూపించి, "సార్, నీళ్లు మధ్యాహ్నం ఒంటిగంటకే పొంగుతున్నాయేమిటి?" అని అడిగింది. ఆ అమ్మాయికి చెప్పాల్సింది రెండు ముక్కల్లో చెప్పేశాను. మూడో ముక్క ఇది.

ముందు నా పనేమిటో చెప్పాలి. హిమాలయాల్లో ఒక పెద్ద నది, దానిలోకి దిగే లెక్కలేనన్ని వాగులు. చలికాలం కొండల మీద పేరుకున్న మంచు వేసవిలో కరిగి ఆ వాగుల్లోకి వస్తుంది. ఎంత మంచు ఉంది, ఎంత ఎండ కాస్తోంది, ఒక్కో డిగ్రీకి ఎంత కరుగుతుంది, ఇవన్నీ కలిపి రేపు ఏ వాగులో ఎంత నీరుంటుందో కంప్యూటరు చేత చెప్పించాలి. దీన్ని మోడలింగ్ అంటారు. పెళ్లిచూపుల్లో మా మేనమామ "కుర్రాడు మోడలింగ్ చేస్తాడు" అని గొప్పగా చెబితే, అటువైపు వాళ్లు నా మొహం ఇంకోసారి చూసి, వేరే ఉద్యోగం ఏమైనా ఉందా అని అడిగారు.

ఆఫీసు ఎక్కడో ఉత్తరాదిన ఉంది. మా ఆవిడ టెక్కలి దగ్గర బడిలో టీచరు. అందుకని నేను నౌపడ స్టేషను వెనక అద్దెయింటి అరుగు మీద బల్ల వేసుకుని, బనీను తడిసిపోతుంటే హిమాలయాలను కరిగిస్తూ ఉంటాను. "మీ మంచు వల్ల మనకి మంచి జరిగిందేమీ లేదు, కనీసం గది చల్లబడినా బాగుండును" అని మా ఆవిడ అంటుంది.

మొదట చెప్పిన ఆ ఉప్పు మడులావిడ మా గేటు ముందు నుంచే రోజూ పనికి వెళ్లేది. యాభై దాటి ఉంటాయి. చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, నెత్తికి తువ్వాలు చుట్టుకుని, ఎక్కడికో ఆలస్యమైపోయినట్టు నడిచేది. ఫోను ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మూడు ముళ్లు వేసి, నడుం దగ్గర దోపుకునేది. ఎవరైనా ఫోను చేస్తే ఆ మూడు ముళ్లూ విప్పేసరికి ఆగిపోయేది. అప్పుడు తానే తిరిగి చేసేది. ఆవకాయల రోజుల్లో మాకు గళ్లుప్పు గంపతో తెచ్చి పోసేది. పోశాక కుర్చీ వేసినా కూర్చోదు. గేటు దిమ్మకు ఆనుకుని ఒంటికాలి మీద నిలబడి మాట్లాడేది, రెండో పాదం పిక్కకు ఆనించి, కొంగలా.

ఆమెలో విచిత్రం ఏమిటంటే, ఏ మాటా తన మాటగా చెప్పేది కాదు. రేపు గాలి తిరుగుతుందని చెప్పాలంటే "మా అత్త అనీది" అని మొదలెట్టేది. ఉప్పు ధర పడిపోతుందనాలంటే "మా ఆయన అంటన్నాడు" అనేది. మా గుమ్మడి పాదుకు నీళ్లెక్కువయ్యాయని చెప్పడానికి కూడా "రేడియోలో సెప్పినారంట" అంది. ఆ అత్త ఎంతటి జ్ఞానో అని నేను మురిసిపోయేవాణ్ణి. ఈమె పెళ్లినాటికే ఆ అత్త మంచం పట్టి, రెండు నెలల్లో పోయిందని చాలా రోజుల తర్వాత తెలిసింది.

ఇంకో సంగతి. ఆమెకు గంటలతో పనిలేదు. "గాలి తిరిగీ యేళకి" అంటే మధ్యాహ్నం సముద్రం గాలి మొదలయ్యే వేళ. "పలక పట్టీ యేళకి" అంటే మూడున్నరా నాలుగు, మడిలో తేరిన ఉప్పును చెక్క పలకతో గోకడం మొదలుపెట్టే సమయం. "పొయ్యి ఎలిగించీ యేళ" సాయంత్రం ఆరు ప్రాంతం. నా చేతికి గడియారం ఉండేది, ఆమె చేతికి ఉప్పు పొరలు ఉండేవి. ఎవరి చెయ్యి సరైన వేళ చెప్పిందో ముందు ముందు తెలుస్తుంది.

ఒకరోజు ఉప్పు పోసి, నా బల్ల మీది తెర చూసింది. నీలం రంగు గీత ఎక్కుతూ దిగుతూ ఉంది. ఇదేటి అని అడిగింది. నేను నోరు మూసుకోవలసింది. మంచు కరిగి వచ్చే నీటి లెక్క అనీ, ఏ వాగులో ఎప్పుడు ఎంత నీరుంటుందో ఇక్కడి నుంచే చెప్పగలననీ గొప్పలు పోయాను. ఆమె పిక్క మీది పాదం కిందికి దించింది.

వాళ్లాయన ఆ కొండల్లోనే ఉన్నాడు. వంతెన పనిలో ఇనుప చువ్వలు వంచే పని. ఈ చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు మందిని ఒక మేస్త్రి తీసుకెళ్లాడు. పని వాగుకు అవతలి ఒడ్డున, రేకుల షెడ్లూ వంటా ఇవతల. మధ్యలో రాళ్ల మీద చెక్కలు వేసుకుని దాటుతారు. పొద్దున నీరు మోకాలి కిందే. సాయంత్రానికి పెరుగుతుంది. పెరిగిన రోజు ఎగువనున్న ఇనుప వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి. అది గంటన్నర నడక, పగలంతా చువ్వలు వంచినవాడికి. ఎండలు ముదిరేకొద్దీ నీరు ముదురుతోంది. ఆమె ఊళ్లో ఎవరితోనూ అనలేదు గానీ, అన్నం సహించడం మానేసిందని చొక్కా కాలరులోంచి తేలిన మెడ ఎముకలు చెబుతున్నాయి.

"ఇక్కడ ఎండ కాస్తే మాకు కూడు బావూ. అదే ఎండ అక్కడ కాస్తే నీరొస్తాది. నానిప్పుడు ఎండ కావాలనుకోనా, వద్దనుకోనా?"

ఉప్పుకైనా ముప్పుకైనా ఎండే మూలమని ఏదో చమత్కరించబోయి, ఆమె కళ్లు చూసి మింగేశాను. మేస్త్రి రాసిచ్చిన ఊరి పేరు చీటీ చూసి మ్యాపులో ఆ వాగు వెతికాను. దొరికింది. అక్కడ ఒక చుక్క పెట్టి మోడల్ నడిపాను. నీరు మధ్యాహ్నం ఒంటిగంటకు బాగా పెరుగుతుంది, సాయంత్రం ఐదు దాటితే తగ్గిపోతుంది అని చెప్పాను. "అలగా" అంది. ఆ అలగాకు నమ్మానని అర్థం కాదు, విన్నానని మాత్రమే.

అప్పటినుంచి రోజూ రెండు పూటలా గేటు దగ్గర ఆగేది. పొద్దున వెళుతూ "ఈయేళ ఎంతొస్తాది?" అనేది. సాయంత్రం వస్తూ, వాళ్లాయన ఫోనులో చెప్పిన కబురు చెప్పేది. నేను ఎక్కువన్న రోజు ఎక్కువే వచ్చింది, తక్కువన్న రోజు తక్కువే. నా ఛాతీ ఉబ్బింది. వేళ గురించి మాత్రం మా ఇద్దరికీ పడలేదు. వాళ్లాయన చెబుతున్నది పొయ్యి వెలిగించే వేళట. నేను చెబుతున్నది ఒంటిగంట.

ఒకసారి వాళ్లాయన పంపిన వీడియో చూపించింది. కొండ మీద మంచు, దాని మీద బూడిదరంగు దుమ్ము. ఆమె జీవితంలో మంచు చూడటం అదే మొదలు. "దీన్నెవరు గోకుతారు?" అని అడిగింది. తర్వాత, మురికి పట్టిన తెలుపు త్వరగా వేడెక్కుతుందని వాళ్ల అత్త అనేదట. దుమ్ము పడితే మంచు ఎంత వేగంగా కరుగుతుందన్న దాని మీద పెద్ద పెద్దవాళ్లు పుస్తకాలు రాస్తున్నారు. నేను తల పంకించాను, నాకు ముందే తెలుసన్నట్టు.

నాలుగో రోజు గొడవైంది. గొడవ నా వైపే. ఆమె గేటు దిమ్మకు ఆనుకునే, మెత్తగానే అడిగింది.

"ఎండ నడినెత్తికొచ్చీది పన్నెండింటికి కదా. అప్పుడు గదా కరిగీది. కరిగినాక కొండ దిగి రావాల. ఒంటిగంటకే ఎలగొచ్చేస్తాది బావూ, దానికి మోటారు సైకిలున్నాదేటి?"

ఇది ఐదో తరగతి పిల్లవాడు అడగాల్సిన ప్రశ్న. నేను పీహెచ్‌డీ వాడిలా జవాబు చెప్పాను. పై పొర వేరు, లోపలి పొర వేరు, నేలలో ముందే తేమ ఉంటుంది అని. నాకే అర్థం కాని మాటలు కొన్ని వాడాను. "అలగా" అంది. ఆ రెండో అలగా నా అహంకారానికి తగిలింది. మేస్త్రి నంబరు అడిగాను. ఇచ్చింది. నేనే ఫోను చేసి, సాయంత్రం ఐదు దాటాక చెక్కల మీదుగా దాటవచ్చు, చుట్టూ తిరగనక్కర్లేదు అని చెప్పాను. మేస్త్రి చాలా సంతోషించాడు. రేపటినుంచే అలా చేస్తామన్నాడు. నేను ఫోను పెట్టేసి ఆమె వైపు చూశాను. ఆమె గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం, ఆమెది తప్పని కాగితం మీద చూపిద్దామన్న పట్టుదలతో, ఆ వాగు దగ్గర ఏ గంటకు ఎంత వేడి ఉందో వరసగా ముద్రించాను. రోజంతటిలో ఎక్కువ వేడి ఉన్న గంట ఏదో చూస్తే, పొద్దున తొమ్మిది.

హిమాలయాల్లో సూర్యుడికి అంత తొందరేమిటి? రెండోసారి చూశాను. ఫైలు మొదటి వరసలో చిన్న అక్షరాలతో ఉంది, ఈ గంటలు గ్రీనిచ్‌వి అని. మన గంటకు ఐదున్నర గంటలు వెనక. అంటే నా ఒంటిగంట మన ఆరున్నర. నేను ఐదన్నది రాత్రి పదిన్నర.

ఇది నాకు తెలియని విషయం కాదు. అయితే మేం పంపే నివేదికలన్నిట్లో రోజుకు ఒక్కటే అంకె ఉంటుంది. ఆనకట్టల వాళ్లకు అది చాలు. రోజులో ఏ గంటకు అని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. అడిగిన మొదటి మనిషి ఆమె. ఐదు దాటాక దాటమని పదకొండు మందికి చెప్పిన మనిషిని నేను. అప్పుడు టైము నాలుగున్నర కావస్తోంది.

మేస్త్రికి చేశాను. పరిధిలో లేడు. పనిచేసే చోటు లోయలో ఉంది, షెడ్ల దగ్గరికి వస్తే గానీ సిగ్నలు ఉండదు. మళ్లీ చేశాను. ఆమెకు చేశాను. మోగి మోగి ఆగిపోయింది. చొక్కా వేసుకున్నానో లేదో చూసుకోకుండా స్కూటరు తీశాను. మడుల దగ్గర ఆపి, గట్టు మీద పరుగెత్తాను. చెప్పు ఒకటి బురదలో ఉండిపోయింది. నాలుకకు ఉప్పు తగులుతోంది, చెమటదో గాలిదో తెలియలేదు. దూరంగా ఆమె, చీర మీద నీలం చొక్కా, వంగి పలక లాగుతోంది.

చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు. గ్రీనిచ్ అనే మాట కూడా వాడాను. ఆమె నిటారుగా నిలబడింది.

"ఆయనకి నీ యేళ నానెప్పుడూ సెప్పనేదు," అంది. "ఎంతొస్తాదో నీ కాడ అడిగి, ఎప్పుడొస్తాదో నాను సెప్పుకున్నాను. నువ్వు సెప్పినావని సెప్పినాను. కానీ నిన్న మేస్త్రికి నువ్వే సెప్పేసినావు. ఆడు ప్యాంటేసుకున్నోడి మాటింటాడు, నా మాటినడు."

పలక గట్టు మీద మెల్లగా పెట్టింది. ఉప్పునీళ్లలో చేతులు కడుక్కుని, చొక్కాకు తుడుచుకుని, ప్లాస్టిక్ కవరు ముళ్లు విప్పసాగింది. ఒకటి. రెండు. మూడోది తడికి బిగుసుకుపోయింది. నేను చెయ్యి చాపాను. వద్దని తల ఊపి పంటితో విప్పింది.

మేస్త్రికి చెయ్యలేదు, వాళ్లాయనకూ చెయ్యలేదు. వంటవాడికి చేసింది. మందస వైపు మనిషి, అరవై ఏళ్లవాడు, చెవుడు. ఇవతలి ఒడ్డున షెడ్డు దగ్గర ఉండేది అతనొక్కడే. అన్నం అయ్యాక అతను ఇనుప కంచం మీద గరిటెతో మోగిస్తాడు. అవతలి ఒడ్డుకు వినిపిస్తుంది. అది మోగితేనే వాళ్లు సామాన్లు దించి బయలుదేరుతారు. మోగకపోతే అక్కడే పేకాడుకుంటూ కూర్చుంటారు, ఎండకు కాగిన రేకుల షెడ్డులోకి వచ్చి ఏం చేస్తారు?

అతను రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తాడు.

"తాతా, కంచం కొట్టకు," అని అరిచింది. మళ్లీ అరిచింది. అవతల ఏదో అడిగాడు. "నాను కాదు, మేస్త్రి సెప్పినాడు. కంచం కొట్టొద్దన్నాడు. కొడితే నీ కూలి కోసేస్తాడంట. ఆల్ని ఇనుప వంతెన మీంచి రమ్మని, అటేపు లారీ ఎల్తే డ్రైవరుకి సెప్పు."

మేస్త్రి ఆ సమయంలో వాగుకు అవతల, ఏమీ తెలియకుండా చువ్వలు లెక్కపెట్టుకుంటున్నాడు.

తర్వాత ఇంక చేయడానికి ఏమీ లేదు. ఆమె మళ్లీ మడిలోకి దిగింది, తేరిన ఉప్పు ఆపూటే గోకకపోతే పాడవుతుందట. ఊరికే నిలబడితే పిచ్చెక్కుతుందని రెండో పలక ఇచ్చింది. నేను లాగాను. అడుగునున్న బురద లేచి తెల్లటి ఉప్పు కాస్తా టీ రంగుకు తిరిగింది. "అడుగు లేపీసినావు," అంది, అంతే. ఐదున్నరయింది. ఆరయింది. ఆరున్నరకు ఇద్దరం పలకలు ఆపేశాం. ఆమె పెదవులు కదులుతున్నాయి, దేవుణ్ణి తలుచుకుంటోందో, తిట్టుకుంటోందో. నన్నే అయ్యుంటుంది, రెండోదైతే. ఆ పదకొండు మందిలో నేనెరిగిన మొహం ఒక్కటీ లేదు. లేకపోయినా ఒక్కొక్కరికీ నా బుర్ర ఒక మొహం తయారుచేసి, నీళ్లలోకి దించుతోంది.

ఏడు దాటాక ఫోను మోగింది. ఈసారి కవర్లో లేదు, చేతిలోనే ఉంది. అవతల వాళ్లాయన గొంతు నాకు కూడా వినపడుతోంది, అంత కోపంగా ఉన్నాడు. ఆ ముసలాడు కంచం కొట్టడం మరిచిపోయాడట, ఎవరో లారీ డ్రైవరు చెబితే చుట్టూ తిరిగి వచ్చారట, మోకాళ్లు పట్టేశాయట, అన్నం చల్లారిపోయిందట. ఆమె అన్నీ విని, "అలగా" అని పెట్టేసింది.

"సెక్కలు ఎల్లిపోనాయంట," అంది నాతో. "ఈలు పైనుంచి సూసినారంట. ఒక్క సెక్కా నేదంట."

నేను ఉప్పు కుప్ప మీద కూలబడ్డాను.

"నెగు. తడి," అంది, లేవమని చెయ్యూపుతూ.

మర్నాటి పొద్దున గేటు దగ్గర ఎప్పటిలాగే ఆగి, ఈయేళ ఎంతొస్తాది అని అడిగింది. నేను మొహం చూపలేక ఎంత నీరో చెప్పి, గంట చెప్పలేదు. ఆమే చెప్పింది. అప్పటినుంచి మోడల్‌లో ఐదున్నర కలపడం నేర్చుకున్నాను. అయినా కలిపిన ప్రతిసారీ, ఆమె ఏం చెబుతుందో విన్నాకే ఊపిరి పీల్చేవాణ్ణి.

వానలకు ముందు వాళ్లు తిరిగొచ్చారు. వాళ్లాయన, మేస్త్రి మా ఇంటికి వచ్చారు, ఆపిల్ పళ్లు పట్టుకుని. వాళ్ల వెనకాల ఆమె గేటు దిమ్మ దగ్గర నిలబడింది. మేస్త్రి నా చేతులు పట్టుకున్నాడు. ఆ రోజు కంచం మోగకుండా ఆపించింది మీరేనట, మీరు గంట తప్పకుండా చెప్పబట్టి ఇంటికొచ్చాం బాబూ అన్నాడు. అతని కళ్లలో నీళ్లున్నాయి. అయిదింటికి దాటమన్న మాట అతను తప్పుగా విన్నాడని ఆమె ఎప్పుడో సర్దిచెప్పేసిందట. నేను నోరు తెరిచాను. గేటు దగ్గర నుంచి ఆమె నా వైపు ఒక్క చూపు చూసింది, అడుగు లేపొద్దన్నట్టు. నోరు మూసుకుని, దొంగసొమ్ము తిన్నట్టు ఆ ఆపిల్ తిన్నాను. తన మాట అత్త నోట్లో పెట్టింది, మేస్త్రి నోట్లో పెట్టింది, చివరికి నా నోట్లోనూ పెట్టింది. ఇన్నేళ్లుగా చదివినవాళ్లు ఆమెలాంటి వాళ్ల తెలివిని తమదని చెప్పుకుంటారని విన్నాను. బలవంతాన అంటగట్టడం మాత్రం అక్కడే చూశాను.

ఆ అవమానం ఏడాది మోశాను. మరుసటి వేసవికి గుంపు మళ్లీ బయలుదేరుతుంటే, మేస్త్రి వచ్చి, పాత ఫోను పోయింది, మీ నంబరు మళ్లీ ఇవ్వండి, రోజూ వేళ అడగాలి కదా అన్నాడు. కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పాను. ఒంటిగంటా, గ్రీనిచ్చీ, కంచం, అత్తా, ఏదీ దాచలేదు. "ఆవిడా?" అన్నాడు. ఆవిడే అన్నాను. ఎంత నీరన్నది రోజూ నేను ఆవిడకు చెబుతాను, ఏ వేళన్నది ఆవిడ మీకు చెబుతుంది అన్నాను. కాగితం మీద నంబరు రాసిచ్చాను. ఆమెది.

పది రోజులకు ఆమె వచ్చింది, గంప లేకుండా.

"ఏల సెప్పినావు?" అంది. "మేస్త్రి పూటకి రెండుసార్లు సేస్తన్నాడు. మీరే సెప్పండమ్మా అంటన్నాడు. మీరంట. మా ఆయనగ్గానీ అత్తగ్గానీ తోసీడానికి నేదు. నాను సెప్పిన యేళకి పదకొండు మంది ఏట్లో కాలెడతారు. తప్పు సెప్పేస్తే?"

"ఎంత నీరన్నది నేను తప్పు చెబితే? నాదీ అదే భయం," అన్నాను.

మేస్త్రితో చెప్పి తన నంబరు తీయించమంది.

నేను తీయించలేదు.